పలనాటి శిల్పులు, వృత్తగణితము

ఎద్దుబండ్లు విరివిగా తిరిగిన దినములలో, కొలిమివద్ద కమ్మరి బండిచక్రమునకు ఇనుపకట్టు వేయుట పల్లెపిల్లలకు గొప్ప వేడుక. రొంపిచెర్ల పెద్దలలో ఆ దృశ్యమును చూడనివారు తక్కువ. కొయ్యచక్రము సిద్ధమైన పిదప కమ్మరి దాని చుట్టుకొలతకంటె కొంచెము చిన్నదిగా ఇనుపపట్టీని వంచి అతికి, ఎఱ్ఱగా కాల్చును. కాలిన ఇనుము సాగును. సాగిన కట్టును చక్రముపై దిగగొట్టి నీళ్లు పోయగా, అది కుదించుకొని కొయ్యను బిగబట్టును. కట్టు పెద్దదైనచో నాలుగు దినములు తిరుగకమునుపే ఊడిపోవును. మిక్కిలి చిన్నదైనచో ఎక్కనే ఎక్కదు. బలవంతముగా ఎక్కించినచో చక్రపు ఆకులు విఱుగును.

5 అడుగుల వ్యాసము గల చక్రమునకు కట్టు ఎంత పొడవుండవలెను? చుట్టుకొలత వ్యాసమునకు మూడింతలని లోకమున ఒక మోటలెక్క కలదు. ఆ లెక్కను నమ్మి 15 అడుగుల పట్టీ కోసినవాడు నష్టపోవును. ఏలన ఆ చక్రము చుట్టుకొలత 15 అడుగుల 8½ అంగుళములు. కాని కమ్మరి ఎన్నడును ఇట్లు మోసపోడు. అతడు లెక్క వేయడు. చక్రము అంచున సుద్దగీత పెట్టి, పట్టీ వెంబడి ఒక్క చుట్టు దొర్లించి, గీత మరల నేలనంటినచోట గుర్తు పెట్టుకొనును. అతని కొలత చక్రమే.

బడిలో చదువుకొను బాలుడు దీనికి భిన్నమైన మార్గమున పోవును. వ్యాసమును 22తో గుణించి 7తో భాగింపుమని అతనికి నేర్పుదురు. అతడు దానిని వల్లించి, పరీక్షలో మార్కులు తెచ్చుకొని, ఆ భిన్నమే పరమసత్యమని నమ్మి బడి విడుచును. ఆ సంఖ్య ఎక్కడినుండి వచ్చినది, అది ఎంతవఱకు నిజము, దానికి ముందు మనవారు దేనితో పని జరుపుకొనిరి అను ప్రశ్నలు అతనికి తట్టవు. వానికి సమాధానములు వెదకుటకు దూరదేశములకే పోనక్కరలేదు. కొంత పలనాటి నేలలోనే ఇటుకల రూపమున ఉన్నది; కొంత తెలుగు పద్యములలో ఉన్నది.

మాచెర్ల సీమలో కృష్ణానది కుడియొడ్డున, నాగార్జునకొండ లోయలోని శిథిలములు 1926లో పురావస్తుశాఖవారి దృష్టికి వచ్చినవి. 1927 మొదలు 1931 వఱకు లాంగ్‌హర్స్టు దొర అచ్చట త్రవ్వకములు జరిపించెను. క్రీస్తుశకము 3, 4 శతాబ్దులలో ఆంధ్రదేశమునేలిన ఇక్ష్వాకులకు రాజధానియైన విజయపురి ఆ లోయలోనిదే. అందు బయల్పడిన కట్టడములలో మహాచైత్యము ముఖ్యమైనది. వీరపురుషదత్తుని 6వ రాజ్యసంవత్సరమున, అతని మేనత్తయు చాంతమూల మహారాజు సోదరియు అగు చాంతిసిరి దానికి స్తంభములు నిలిపినట్లు శాసనములు చెప్పుచున్నవి. ఆ పనిని సాగించి ముగించినవాడు భదంత ఆనందుడను భిక్షువు. శాసనము అతనిని నవకర్మికుడని పేర్కొన్నది. అనగా కట్టడపు పనిని చూచువాడు. నేటి మాటలో ఇంజనీరు. ప్రాచీనశాసనములలో దాతల పేర్లు కోకొల్లలుగా దొరకును. పని చేయించినవాని పేరు దొరకుట అరుదు. పలనాటి విద్యార్థి జ్ఞాపకముంచుకొనదగిన పేరు ఇది.

ఆ చైత్యము అడుగున 106 అడుగుల వ్యాసము గల వృత్తము. అండమువంటి పైభాగము పోయినను పునాది నిలిచియుండెను. త్రవ్వి చూడగా అది ఘనమైన ఇటుకదిబ్బ కాదని తేలినది. నడుమ నాభి, చుట్టును నేమి, ఆ రెంటిని కలుపుచు ఆకులవలె ఇటుకగోడలు, గోడలనడుమ గదులు, ఆ గదులలో దట్టించిన మట్టి. అచ్చముగా బండిచక్రమును నేలపై పరుండబెట్టినట్లు! ఆ లోయలోని చిన్నస్తూపములు పెక్కింటను ఇదే పద్ధతి కనుపించును; ఆకుల సంఖ్య మాత్రము మారును. బౌద్ధులకు ధర్మచక్రము పవిత్రచిహ్నమగుటచే ఇట్లు కట్టిరనుట ఒక సమాధానము. కాని ఇందు శిల్పి తెలివియు కలదు. గోడలు మట్టిని గదులుగదులుగా పట్టియుంచుటచే దిబ్బ ప్రక్కలకు ఉబ్బదు. ఇటుకలును ఎంతో ఆదా అగును. కమ్మరికిని వడ్రంగికిని తెలిసిన చక్రబలమునే నవకర్మికుడు కట్టడమున వాడినాడు.

ఇట్టి వృత్తమును నేలపై దించుటకు ఒక మేకును, సాగని త్రాడును చాలును. మేకు కేంద్రము, త్రాటి పొడవు, అనగా 53 అడుగులు, వ్యాసార్ధము. త్రాడు బిగబట్టి ఒక చుట్టు తిరిగినచో పరిధి ఏర్పడును. కేంద్రమునుండి సమానదూరముననున్న బిందువులన్నియు కలిసి వృత్తమగునని పుస్తకమున చదువు నిర్వచనము ఈ పనికి పెట్టిన పేరే. ఆ త్రాటితోనే పరిధిని భాగములు చేయవచ్చును. పరిధిపై ఒకచోట మొదలుపెట్టి, అదే 53 అడుగుల త్రాడును తిన్నగా పరచుచు, ఒక గుర్తునుండి మఱియొక గుర్తునకు పోవుచుండగా, ఆఱవసారికి మొదటి గుర్తే ఎదురగును. ఒక వెండ్రుకవాసి కూడ తేడా రాదు. ఆఱు ఆకుల చక్రమునకు గుర్తులు సిద్ధము. ఎనిమిది ఆకులు కావలెనన్నచో ఒక వ్యాసమును, దానికి లంబముగా వేఱొక వ్యాసమును గీచి, నాలుగు కోణములను సగము చేసిన చాలును.

మోటలెక్కలోని మూడు పుట్టినదెక్కడనో ఇప్పుడు ఊహింపవచ్చును. ఆఱుమాఱులు పరచిన త్రాటి మొత్తము 318 అడుగులు. అది వ్యాసమునకు సరిగా మూడింతలు. కాని అడుగు వేసినది తిన్నగా, వృత్తము వంగియున్నది. రెండు గుర్తులనడుమ వంపుదారి తిన్నని దారికంటె ఎప్పుడును పొడవే. కావున మూడింతలు అనునది వృత్తములోపల ఇమిడిన షడ్భుజి చుట్టుకొలత. వృత్తమునకు ఎప్పటికిని చాలదు. ఎంత చాలదు? మహాచైత్యమునకు 15 అడుగులు చాలదు. అచ్చటి ఇటుక 20 అంగుళముల పొడవు, 10 అంగుళముల వెడల్పు, 3 అంగుళముల మందము గలది. అంచు వెంబడి ఇటుకలను పొడవుగా పేర్చుచో వరుసకు 200 కావలెను. మూడింతల లెక్కతో తెప్పించినవానికి 191 మాత్రమే చేరును. మొదటి వరుసలోనే తొమ్మిది ఇటుకల వెలితి.

నేలపై త్రాటితో గీయు ఈ విద్యకు మన దేశమున అంతకంటె పూర్వచరిత్ర కలదు. తెలుగునాట వైదికకుటుంబములలో పెక్కుమంది ఆపస్తంబసూత్రమువారు. ఆ ఆపస్తంబుని పేర యజ్ఞవేదికల కొలతలను చెప్పు శుల్బసూత్రమొకటి కలదు. శుల్బమనగా త్రాడు. గార్హపత్యము గుండ్రము, ఆహవనీయము చతురస్రము, దక్షిణాగ్ని అర్ధవృత్తము; మూడింటి వైశాల్యము సమానముగా నుండవలెనని నియమము. అందుచే చతురస్రమును వృత్తముగను, వృత్తమును చతురస్రముగను మార్చు ఉపాయములు వెదుకవలసి వచ్చెను. వ్యాసమును 15 భాగములు చేసి, రెండు తీసివేసి, మిగిలిన 13 భాగములను భుజముగా చతురస్రము గీయుమని ఒక ఉపాయము చెప్పబడినది. పరీక్షించి చూచినచో 15 భాగముల వ్యాసము గల వృత్తమునకు వైశాల్యము ఇంచుమించు 176¾, చతురస్రమునకు 169. నూటికి నాలుగుకు మించిన తేడా. వేదికకు అది చాలి యుండును.

స్తూపములు చెక్కుచెదరక నిలిచియుండినచో కొలత వేయుట సులభము. కాని మన ప్రాంతపు స్తూపములకు ఆ అదృష్టము లేదు. 2022లో ఏర్పడిన పలనాడు జిల్లాలోనికే చేరిన అమరావతి స్తూపము సంగతి చూడుడు. దాని పీఠము వ్యాసము సుమారు 162 అడుగులు. చుట్టునున్న శిలాప్రాకారము వ్యాసము సుమారు 192 అడుగులు, చుట్టుకొలత 600 అడుగులు. 18వ శతాబ్ది చివర అచ్చటి దీపాలదిన్నెను త్రవ్వి రాళ్లను కట్టడములకు తరలించిరి. కర్నల్ మెకంజీ వచ్చి చిత్రములు వ్రాయించునాటికే చాలభాగము చెదరిపోయినది. 1845లో ఇలియట్టు, 1877లో సూయెల్, ఆ పిమ్మట బర్జెస్ త్రవ్వినారు. దొరికిన శిల్పములు మద్రాసుకును లండనుకును పోయినవి; నేలలో మిగిలినవి వృత్తపు తునకలు. ఒక చిన్న వంపుగోడ మాత్రమే దొరికినపుడు మొత్తము వృత్తమెంతటిదో చెప్పగలమా?

చెప్పగలము. దీనికి సూత్రమును 499 ప్రాంతమున ఆర్యభటుడు చెప్పియున్నాడు. ఇందలి పారిభాషికపదములు విలువిద్యనుండి వచ్చినవి. వంపుగోడ చాపము, అనగా విల్లు. దాని రెండు కొనలను కలుపు తిన్నని గీత జ్యా, అనగా అల్లెత్రాడు. అల్లెత్రాటి నడుమనుండి వింటి నడిమికి గల దూరము శరము, అనగా బాణము. అర్ధజ్యా వర్గము, శరమును వ్యాసమున మిగిలిన భాగముతో గుణింపగా వచ్చు ఫలమునకు సమానమని సూత్రము. లెక్క వేసి చూతము. గోడ తునకకు ఈకొననుండి ఆకొనకు త్రాడు పట్టగా 56 అడుగులు వచ్చినవి. త్రాటి నడుమనుండి గోడకు 8 అడుగులు. అర్ధజ్యా 28; దాని వర్గము 784. శరము 8తో భాగింపగా 98. దానికి శరము 8 కలుపగా 106. మహాచైత్యములో ఆఱవవంతు గోడ మిగిలినను చాలును, పూర్తివృత్తము చేతికి వచ్చును.

ఈ సూత్రమునకు మూలము అర్ధవృత్తములోని కోణము. వ్యాసము రెండు కొనలనుండి పరిధిపైని ఏ బిందువునకు గీతలు గీచినను అచ్చట సమకోణమే ఏర్పడును. కారణము కష్టము కాదు. ఆ బిందువును కేంద్రముతో కలిపినచో రెండు సమద్విబాహుత్రిభుజము లేర్పడును. ఒక్కొక్కదానియందు రెండేసి కోణములు సమానము. మొత్తము రెండు సమకోణములు కావలెను కనుక శీర్షమునొద్ద దానిలో సగము, అనగా ఒక సమకోణము మిగులును. వడ్రంగికి ఈ ఉపపత్తి తెలియకపోవచ్చును. అయినను గుండ్రని పలకకు కేంద్రము కావలసినపుడు మూలమట్టపు మూలను అంచునకు ఆనించి, దాని రెండు చేతులు అంచును కోసినచోట్ల గుర్తులు పెట్టి కలిపినచో వ్యాసము దొరకును. వేఱొకచోట మరల అట్లే చేసినచో రెండు వ్యాసములు కలిసినచోట కేంద్రము. సందేహము గలవారు పళ్లెముపై ప్రయత్నించి చూడవచ్చును.

జ్యా అను మాట కథ కొంత చిత్రమైనది. ప్రస్తుతమునకు కొంచెము ప్రక్కదారియైనను చెప్పదగినది. జ్యాకు జీవా అనియు పేరు. అరబ్బులు మన జ్యోతిషగ్రంథములను తమ భాషలోనికి మార్చుకొన్నపుడు దానిని జీబ అని వ్రాసికొనిరి. వారి లిపిలో అచ్చులు వ్రాయు అలవాటు లేకపోవుటచే తరువాతివారు దానిని జైబ్ అని చదివిరి. జైబ్ అనగా వస్త్రపు మడత, రొమ్ముభాగము. 12వ శతాబ్దిలో ఐరోపావారు ఆ అర్థమునకే లాటినున సైనస్ అని అనువదించిరి. నేడు కళాశాలలో విద్యార్థులు వల్లించు సైను అదియే. చొక్కాకు కుట్టించుకొను మన జేబు కూడ ఆ అరబ్బీ జైబే. అల్లెత్రాడు దేశములు తిరిగి జేబులో చేరినది!

తెలుగున గణితమునకు ఆద్యుడు పావులూరి మల్లన. ఇంటిపేరును బట్టి ఆయన గుంటూరు సీమలోని పావులూరివాడని సాహిత్యచరిత్రకారుల అభిప్రాయము. రాజరాజనరేంద్రుని కాలమువాడని కొందఱు, తరువాతి తరములవాడని కొందఱు వాదించిరి. రాష్ట్రకూటరాజగు అమోఘవర్షుని కాలమున, 850 ప్రాంతమున మహావీరాచార్యుడను జైనపండితుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును మల్లన పద్యములలో తెనిగించెను. మక్కికి మక్కి కాదు. జైనమతప్రసక్తులు గలచోట శివపరముగా మార్చెను, ఉదాహరణలను కొన్ని విడిచి కొన్ని చేర్చెను. నన్నయ భారతముతో తెలుగు కావ్యభాష నెలకొన్న కొలదికాలమునకే గుణకారభాగహారములును తెలుగు పద్యమున ఇమిడినవి. మన భాషలో శాస్త్రము చెప్పుటకు మాటలు చాలవని వాదించువారు ఎన్నడైన ఆ పుస్తకమును తెఱచి చూచిరా అను సందేహము కలుగును. సంస్కృతమూలము మాత్రము రంగాచార్యులవారి ఆంగ్లానువాదముతో 1912లో మద్రాసున అచ్చుపడినది.

మహావీరుడు క్షేత్రగణితమున ప్రతికొలతను రెండు విధములుగా చెప్పును: ఒకటి వ్యావహారికము, మఱియొకటి సూక్ష్మము. వృత్తవిషయమున వ్యావహారికము మూడింతలు. సూక్ష్మమునకు వ్యాసవర్గమును పదితో గుణించి వర్గమూలము తీయుమనును. ఇందు మెచ్చుకొనవలసినది ఈ విభజన. ఇది పనికి చాలు లెక్క, ఇది నిక్కువపు లెక్క అని శిష్యునికి విడమరచి చెప్పినాడు. సంతలో కొలచునపుడు ఎంత సూక్ష్మము వలయును, శాస్త్రమున ఎంత వలయును అను వివేకము ఆ రెండు మాటలలో నున్నది. ఇప్పటి పాఠములలో 22/7 పక్కన ఆ వ్యావహారికమను మాట లేకపోవుట కొఱతయే.

కాని పూర్వులు చెప్పినదంతయు నిర్దుష్టమని పొగడుట చరిత్ర కాదు. మహావీరుడు సూక్ష్మమనిన లెక్క నిజమునకు సూక్ష్మము కాదు. మహాచైత్యమునకే వర్తింపజేసి చూతము. పది వర్గమూలముతో చుట్టుకొలత 335 అడుగుల 2½ అంగుళములు వచ్చును. నిజము 333 అడుగులు. రెండడుగులకు పైగా ఎక్కువ. మహావీరునికి మూడువందల ఏండ్లకు పూర్వమే ఆర్యభటుడు, 20,000 వ్యాసమునకు పరిధి 62,832 అని చెప్పియుండెను. ఆ లెక్కను మహాచైత్యమునకు వేసినచో నిజమునకు అంగుళములో నూఱవవంతు మాత్రమే తేడా. అంత మంచి లెక్క చేతనుండగా దానిని విడిచి పది వర్గమూలమును శతాబ్దులపాటు పట్టుకొనుటకు కారణము, జైనగ్రంథములలో అది పరంపరగా వచ్చుటయు, గుర్తుంచుకొన సులభమగుటయు కావచ్చును. బ్రహ్మగుప్తుడంతటివాడును దానినే సూక్ష్మముగా గ్రహించెను. పరంపర ఎంత గొప్పదైనను త్రాడు పట్టి కొలచినవానికే నిజము తెలియును.

ఆర్యభటుని గొప్పతనము అంకెలయందే కాదు. ఆ విలువ ఆసన్నము, అనగా నిజమునకు దగ్గఱగా నున్నది అని ఆయన స్వయముగా చెప్పుకొన్నాడు. గ్రీసుదేశపు ఆర్కిమిడీసు క్రీస్తుకు పూర్వము 3వ శతాబ్దిలో, వృత్తమునకు లోపల ఒకటి, వెలుపల ఒకటి 96 భుజముల క్షేత్రములు గీచి, పరిధి వ్యాసమునకు మూడున్ను ఏడవవంతుకంటె తక్కువ, మూడున్ను డెబ్బదియొకటింట పదికంటె ఎక్కువ అని నిరూపించెను. మన బడిలోని 22/7 అందలి పైహద్దు. ఆయన దానిని సమానమనలేదు, మించదు అని మాత్రమే చెప్పినాడు. 12వ శతాబ్దిలో భాస్కరాచార్యుడు లీలావతియందు 22/7ను స్థూలమనియు, 1250 వ్యాసమునకు 3927 పరిధి యగుటను సూక్ష్మమనియు వేఱుచేసి చెప్పెను. 22/7తో మహాచైత్యపు చుట్టుకొలత నిజముకంటె అంగుళమున్నర మించును. కట్టడమునకు ఇంతకంటె మేలైన లెక్క అక్కరలేదు.

ఈ నిష్పత్తిని ఏ భిన్నముతోను సరిగా చెప్పలేమని 1761లో లాంబర్టు నిరూపించెను. 1882లో జర్మనీదేశపు లిండెమాన్ మఱియొక అడుగు ముందుకు వేసి, త్రాడు, మేకు మాత్రమే సాధనములుగా వృత్తమునకు సరిసమానమైన చతురస్రము గీయుట అసాధ్యమని తేల్చుటకు ఆధారము చూపెను. శుల్బకారులు వేదికలవద్ద పడిన శ్రమకు రెండువేల ఏండ్లకు పైబడిన పిదప దొరికిన సమాధానమిది. వారు తప్పు చేయలేదు. చేయరానిదానిని సాధ్యమైనంత దగ్గఱగా చేసిరి.

నాగార్జునకొండ లోయ నేడు కంటికి కనుపడదు. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన సాగరము ఆ లోయను ముంచినది. 1954 మొదలు 1960 వఱకు త్వరత్వరగా త్రవ్వి, ముఖ్యమైన కట్టడములు కొన్నింటిని కొండమీదను, కుడియొడ్డున అనుపువద్దను మరల నిలిపిరి. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడువబడెను; ఆ కుడికాలువ నీరే నరసరావుపేట ప్రాంతపు పొలములకు వచ్చుచున్నది. మహాచైత్యము నిలిచిన స్థలము మన భూమికొలతలో 20 సెంట్లకు కొంచెము పైన.

కమ్మరి కొలిమివద్ద ఇనుపకట్టు వేయు వేడుకయు తగ్గిపోయినది. పొలములలో ట్రాక్టర్లు వచ్చినవి. వెనుకచక్రపు టైరుపై 13.6-28 అని అచ్చొత్తియుండుట రైతుబిడ్డలందఱు చూచినదే. అందు మొదటిది టైరు వెడల్పు, రెండవది అది బిగియు ఇనుపచట్రపు వ్యాసము, అంగుళములలో. చుట్టుకొలత ఎక్కడను వ్రాసియుండదు. 28ని 22తో గుణించి 7తో భాగించినచో 88 అంగుళములు, ఆసన్నముగా.